పసివాని తొలి విహారయాత్ర

శిశుపాఠశాలనుండి ఒకనాడు ఒక చిన్న కాగితము ఇంటికి వచ్చును. రానున్న శుక్రవారమునాడు పిల్లలను జంతుప్రదర్శనశాలకు తీసికొనిపోవుచున్నామనియు, తలిదండ్రులు తమ సమ్మతిని సంతకముతో తెలుపవలెననియు అందులో వ్రాసియుండును. ఈ రోజులలో కాగితమునకు బదులు సెల్‌ఫోనులో సందేశము వచ్చుటయు కలదు. మూడున్నరయేండ్ల పిల్లవాడు అప్పటికే తాను ఏనుగును చూడబోవుచున్న సంగతి ఇంటిల్లిపాదికిని చాటియుండును. తండ్రి సంతకము చేయుటకు సిద్ధపడును. తల్లికి మాత్రము చేయి ఆడదు. "ఇంకా పసిగుడ్డు. అంతదూరం బస్సులో ఎలా పంపుతావే అమ్మాయీ?" అని నాయనమ్మ లోపలినుండి అననే అనును.

ఈ భయమును చూచి నవ్వువారు కలరు. ఇది నవ్వవలసిన విషయము కాదు. మెదక్ జిల్లా మాసాయిపేటయొద్ద 2014 జూలై 24వ తేదీ ఉదయమున, కాపలాలేని గేటును దాటుచున్న బడిబస్సును రైలు ఢీకొన్న ఘోరము తెలుగునాట తల్లులెవరును మరువగలిగినది కాదు. బ్రాడ్‌గేజి మార్గములమీద అట్టి కాపలాలేని గేట్లు 2019 జనవరి నాటికి తొలగింపబడినవి. గేట్లు పోయినవిగాని భయము పోలేదు. అయితే భయమునకు ఒక దోషము కలదు. అది ఒకవైపు చూచుచుండగా అపాయము వేరొకవైపు పొంచియుండును. తల్లి మనస్సులో మెదలునది రహదారిమీది లారీ. పిల్లవానికి గండమైన చోటు బస్సు మెట్లయొద్దనే యుండవచ్చును.

అసలు ఈ యాత్ర యెందుకు, ఇంటియొద్దనే బొమ్మల పుస్తకము చూపరాదా అని అడుగవచ్చును. పుస్తకములోని ఏనుగు అరచేయంత. ఎలుకయు అరచేయంతయే. ఈ వయస్సున జ్ఞానము కన్ను, చెవి, చేయి అను ద్వారములగుండనే లోనికి ప్రవేశించును. 1939లో మదరాసు అడయారునకు వచ్చి మన ఉపాధ్యాయులకు శిక్షణమిచ్చిన మేరియా మాంటిసోరి బోధనలలో ఇది ముఖ్యమైనది. కాబట్టి పిల్లవానిని పంపక మానుట సులభమేగాని, నష్టములేని పని కాదు.

హైదరాబాదునే ఉదాహరణముగా తీసికొందము. అచ్చటి నెహ్రూ జంతుప్రదర్శనశాల 1963లో ప్రారంభమైనది; మీరాలం చెరువుచెంత సుమారు 380 ఎకరములలో వ్యాపించియున్నది. సికిందరాబాదునుండి బయలుదేరిన బడిబస్సు మూసీనది దాటి, పాతనగరపు రద్దీలో నత్తనడక నడచి అచ్చటికి చేరవలెను. ఆ నడకలో సీటునందు కూర్చున్న పిల్లవాడు చాలవరకు సురక్షితుడే. బస్సు ఆగినప్పుడే జాగ్రత్త హెచ్చవలెను. డ్రైవరు ఎత్తైన ఆసనమున కూర్చుండును. ముందుచక్రము చెంతనో, బస్సునకు సరిగా ఎదుటనో నిలిచిన మూడడుగుల పిల్లవాడు అతనికి కానరాడు. జారిపడిన నీళ్ళసీసాకొరకు ఆ పిల్లవాడు వంగెనా, ఇక అద్దములలోకూడ కనబడడు. అందుచేత మొదట ఒక ఉపాధ్యాయిని దిగి నిలువవలెను. పిల్లలు ఒక్కొక్కరుగా ఆమె చేతికి అందవలెను. అందరును పది పండ్రెండడుగులు ఎడముగా చేరినపిదపనే బస్సు కదలవలెను. దిగిన పిల్లలు రోడ్డు దాటవలసిన చోట బస్సును ఆపనేరాదు.

ఇక వాహనము. "నెమ్మదిగానే పోతుందండీ" అను మాటను అంకెలలో పెట్టి చూతము. గంటకు 40 కిలోమీటర్ల వేగమనగా సెకనుకు 11 మీటర్లు. ఆ వేగమున పోవు బండి దేనినైన కొట్టుకొని ఆగినచో, లోనున్న పిల్లవాడు ఆగడు. అదే వేగముతో ముందుకు పోవును. ఆ తాకిడి ఇంచుమించు 20 అడుగుల ఎత్తునుండి నేలపై పడుటతో సమానము. పసివాని తల అతని దేహమునుబట్టి చూడగా పెద్దది, మెడ బలహీనము. కనుక తలయే ముందు తగులును. ఒడిలో కూర్చుండబెట్టుకొని గట్టిగా పట్టుకొందుమను ధైర్యము ఇచ్చట పనికిరాదు. పదునైదు కిలోల బిడ్డను ఆ క్షణమున ఎంత బలిష్ఠమైన చేతులును ఆపజాలవు.

ఢిల్లీ నగర వాహనములకు సంబంధించిన వ్యాజ్యములో 1997లో సుప్రీంకోర్టు బడిబస్సులకు విధించిన నియమములు క్రమముగా ఇతరచోట్లను ప్రమాణములైనవి. తల్లి అడుగవలసిన ప్రశ్నలు వానిలోనే కలవు. బస్సు బడిదా, అద్దెదా? అద్దెదైనచో బడిపనిమీద ఉన్నదని తెలుపు పలక కట్టుదురా? సీట్లకు మించి ఎక్కింతురా? కిటికీలకు అడ్డుకమ్ములు, తలుపునకు గట్టి గడియ, ప్రథమచికిత్స పెట్టె, మంటలార్పు సాధనము, వేగమును అదుపులోనుంచు యంత్రము ఉన్నవా? డ్రైవరునకు పెద్ద వాహనములు నడపుటలో అయిదేండ్లకు తక్కువకాని అనుభవము కలదా? అతడుగాక మరియొక సహాయకుడు బస్సులో ఉండునా? "చిన్నపిల్లలేగా, సర్దుకుని కూర్చుంటారు" అను సమాధానము వచ్చినచో, నా మట్టుకు నేను ఆ కాగితముమీద సంతకము చేయను.

ఇచ్చట ఒకమాట చెప్పక తప్పదు. బస్సునకు ఇంతగా వెరచిన ఇంటివారే మరునాడు అదే పిల్లవానిని స్కూటరుమీద ముందు నిలువబెట్టుకొని, తలకేమియు లేకుండ బజారునకు పోవుచుందురు. తొమ్మిది నెలలు మొదలు నాలుగేండ్ల వరకుగల పిల్లలను ద్విచక్రవాహనముమీద తీసికొనిపోవునప్పుడు హెల్మెట్టును, నడపువారికి బిడ్డను చేర్చి కట్టు పట్టీయును ఉండవలెననియు, వేగము 40 కిలోమీటర్లు మించరాదనియు కేంద్రప్రభుత్వ నియమము 2023 ఫిబ్రవరి 15నుండి అమలులోనికి వచ్చినది. దానిని పాటించు ఇండ్లెన్నియో మన వీధిలో నిలుచుండి చూచినచో తెలియును.

పిల్లలను లెక్కించుట అతిసామాన్యమైన పనివలె తోచును. కాని యాత్ర భద్రతలో సగము దానిమీదనే నిలిచియున్నది. తలలు లెక్కించినంతమాత్రమున చాలదు. ఒకేరోజున అనేక పాఠశాలల పిల్లలు వచ్చు చోట మన పిల్లవాడు తప్పిపోయి, పొరుగుబడి పిల్లవాడు మన వరుసలో చేరినను లెక్క సరిపోవును! పేరు పిలిచి, ముఖము చూచి లెక్కింపవలెను. బస్సు ఎక్కునప్పుడు, దిగినపిదప, భోజనమైన తరువాత, తిరిగి ఎక్కినపిదప, ఇన్నిసార్లును ఆ పని జరుగవలెను. మనిషికి చేతులు రెండే. నడిపించుకొనిపోవునప్పుడు నలుగురైదుగురు పసిపిల్లలకు ఒక పెద్దవారైన లేనిచో, తల్లులలో ఒకరిద్దరిని వెంటబెట్టుకొనిపొండని బడివారిని కోరుట మంచిది.

తిరుగుప్రయాణమున పిల్లలు నిద్రపోవుదురు. వెనుకసీటులో ముడుచుకొని పడుకొన్న బిడ్డను గమనింపక బండి మూసిపోవుట పలుదేశములలో జరిగిన విషాదము. ఎండలో మూసియుంచిన కారులోపలి వేడి మొదటి పది నిమిషములలోనే సుమారు 10 డిగ్రీలు పెరుగగలదు. పసివాని దేహము పెద్దవారి దేహముకంటె మూడు మొదలు అయిదు రెట్లు త్వరగా వేడెక్కును. అందరును దిగినపిదప ఒకరు బస్సు చివరివరకు నడచి, సీట్లక్రిందకూడ చూచి రావలెను. ఆ ఒకరెవరో ముందుగనే నిర్ణయమై యుండవలెను. "ఎవరో చూచియుందురు" అనుకొన్నచోట ఎవరును చూడరు.

గమ్యస్థానమున నీరున్నదేమో తప్పక విచారింపవలెను. 2024 జనవరి 18న గుజరాతులోని వడోదర నగరమున, హర్ని చెరువునకు విహారమునకై పోయిన బడిపిల్లల పడవ మునిగి 12 మంది పిల్లలును, ఇద్దరు ఉపాధ్యాయినులును మరణించిరి. పడవలో పరిమితిని మించి ఎక్కించిరి. అనేకులకు లైఫ్ జాకెట్లు లేవు. అచ్చట అపాయము దారిలో లేదు, చేరినచోట ఉన్నది. పడవ యెక్కించు ఉద్దేశము ఉన్నచో ఈ వయస్సు పిల్లలను అందుండి మినహాయింపుడని వ్రాసియే సంతకము చేయవచ్చును.

ఇంటిలో చేయవలసినది స్వల్పము. మెడలోని గొలుసు, చేతి మురుగులు తీసివేయవలెను. అవి దొంగను పిలుచును, గొలుసు తలుపుసందున చిక్కుకొనును. తండ్రి ఫోను నంబరును చొక్కా లోపలివైపున కుట్టవలెను. పేరు పైకి కనబడునట్లు వ్రాసినచో క్రొత్తవాడెవడైన పేరుపెట్టి పిలువగలడు. నాయనమ్మ దిష్టిచుక్క పెట్టెదనన్నచో పెట్టనిండు. పిల్లవానికి చెప్పవలసిన మాటలు రెండే: "టీచరుగారి చెయ్యి వదలకు. ఎవరూ కనబడకపోతే ఉన్నచోటే నిలబడి గట్టిగా పిలు." అంతకుమించి చెప్పినచో వానికి గుర్తుండునది మన మాటలు కాదు, మన ముఖములోని బెదురు.

సాయంకాలము బస్సు తిరిగివచ్చు వేళకు తల్లి వాకిట నిలుచుండును. బస్సు రోడ్డునకు ఆవలిప్రక్కన ఆగినచో చేయి ఊపరాదు, పేరుపెట్టి పిలువరాదు. అమ్మను చూచిన పిల్లవాడు అటునిటు చూడక పరుగెత్తును. తానే రోడ్డు దాటి బస్సు మెట్లయొద్దకు పోయి వాని చేయి పట్టుకొనవలెను. ఏనుగు కబురులు అక్కడినుండి ఇంటిదాక వినవచ్చును.