మోర్మన్ దేవాలయం, మేసన్ లాడ్జి: ఏడు వారాల చరిత్ర

1842 మార్చి 15న అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రం, నావూ పట్టణంలో ఫ్రీమేసన్ల లాడ్జి ఒకటి వెలిసింది. రాష్ట్ర గ్రాండ్ మాస్టర్ అబ్రహాం జోనస్ స్వయంగా వచ్చి దాన్ని ప్రారంభించాడు. మోర్మన్ మత స్థాపకుడు జోసెఫ్ స్మిత్ ఆ సాయంత్రమే మొదటి దీక్ష తీసుకుని, మర్నాడు మిగతా రెండూ పూర్తిచేసుకుని మాస్టర్ మేసన్ అయిపోయాడు. మామూలు సభ్యుడికి చాలాకాలం పట్టే వ్యవహారం అది. అక్కడికి సరిగ్గా ఏడు వారాలకు, మే 4న, స్మిత్ తన దుకాణం మేడమీద తొమ్మిది మంది నమ్మకస్తులకు ఒక కొత్త క్రతువు జరిపించాడు. దాన్ని ఎండోమెంట్ అంటారు. ఇవాళ ప్రపంచమంతటా మోర్మన్ దేవాలయాల్లో జరిగే క్రతువులకు గుండెకాయ అదే. ఈ ఏడు వారాలకు అర్థమేమిటని నూట ఎనభై ఏళ్లుగా వాదన నడుస్తోంది. స్మిత్ లాడ్జిలో చూసింది చూసినట్టు దించేశాడని విమర్శకులు అంటారు. అది సొలొమోను కాలం నాటి పవిత్ర విధి అనీ, మేసన్ల దగ్గర చెడిపోయి మిగిలిన దాన్ని దేవుడు స్మిత్ ద్వారా బాగుచేయించాడనీ పాతతరం విశ్వాసులు అన్నారు. సాక్ష్యాలు చూస్తే రెండు మాటలూ నిలవవు. క్రతువు నడిపే తీరును స్మిత్ మేసన్ల నుంచే తీసుకున్నాడు. ఆ తీరులో అతను చెప్పిన సంగతులు మాత్రం చాలావరకు అంతకుముందే అతని దగ్గర ఉన్నవి. ఈ తీసుకోవడాన్ని మొదటితరం దాచలేదు. దాచింది తర్వాతి తరాలు. అసలు చిక్కు అక్కడే ఉంది.

ముందు పోలికల సంగతి. ఫ్రీమేసన్రీ రాతిపని మేస్త్రీల సంఘాల సంప్రదాయం నుంచి పుట్టి, క్రమంగా రాతిపనితో సంబంధంలేని పెద్దమనుషుల సోదర సంఘంగా మారింది. కొత్త సభ్యుడికి మెట్లు మెట్లుగా దీక్ష ఇస్తారు. ప్రతి మెట్టులోనూ ఒక ప్రమాణం, ఒక సంకేతం, చేతులు కలిపే ఒక ప్రత్యేక పద్ధతి, ఒక రహస్యపదం ఉంటాయి. నడుముకు ఏప్రన్ కడతారు. వృత్తలేఖిని, మూలమట్టం వారి ముఖ్య చిహ్నాలు. మూడో దీక్షలో నాటకం ఒకటి ఉంది. సొలొమోను దేవాలయాన్ని కట్టిన శిల్పి హీరాము అబీఫ్, వృత్తి రహస్యం చెప్పనన్నందుకు హత్యకు గురవుతాడు. దీక్ష తీసుకునేవాడే ఆ హీరాము పాత్ర పోషిస్తాడు. ఎండోమెంట్‌లోనూ నాటకం ఉంది, ప్రమాణాలున్నాయి, సంకేతాలున్నాయి, ఏప్రన్ ఉంది. దేవాలయంలో దీక్ష పొందినవారు జీవితాంతం ధరించే పవిత్ర లోదుస్తులపై వృత్తలేఖిని, మూలమట్టం గుర్తులున్నాయి. సాల్ట్ లేక్ దేవాలయం బయటిగోడ మీద రాతిలో చెక్కిన రెండు చేతుల కరచాలనం, అన్నీ చూసే ఒంటి కన్ను వీధిలో నిలబడ్డ ఎవరికైనా కనిపిస్తాయి. 1853లో మొదలై 1893లో పూర్తయిన కట్టడం అది. లోపల పలికే మాటల్ని విశ్వాసులు పవిత్రంగా భావించి బయట చెప్పరు; వాటి జోలికి పోకుండానే ఈ చర్చ చేయవచ్చు.

ఇన్ని పోలికలూ యాదృచ్ఛికం అనడానికి వీల్లేదు. ఆ మేడగది చరిత్ర చూస్తే చాలు. నావూలో జనం ఎర్ర ఇటుకల దుకాణం అని పిలిచే ఆ కట్టడం కింది భాగంలో సరుకులు అమ్మేవారు. పైగదిలో స్మిత్ కార్యాలయం ఉండేది, సభలు జరిగేవి, కొత్త లాడ్జి కూడేదీ అక్కడే. స్మిత్ మాస్టర్ మేసన్ అయిన మర్నాడే, మార్చి 17న, సంఘంలోని స్త్రీలు తమ రిలీఫ్ సొసైటీని ఆ గదిలోనే స్థాపించుకున్నారు. మే మొదట్లో అదే గదిని తెరలతో భాగాలు చేశారు. ఏదెను తోటలా కనబడాలని మొక్కలూ కొమ్మలూ తెచ్చి పెట్టారని ఆ పనిలో ఉన్నవారు తర్వాత గుర్తుచేసుకున్నారు. ఆ తొమ్మిది మందిలో దాదాపు అందరూ మేసన్లే. స్మిత్ అన్న హైరం, హీబర్ కింబల్ ఇద్దరూ 1820లలోనే, న్యూయార్క్ రాష్ట్రంలో ఉండగానే మేసన్లయ్యారు. జేమ్స్ ఆడమ్స్ అయితే ఇల్లినాయ్ గ్రాండ్ లాడ్జిలో పదవిలో ఉన్నవాడు. లాడ్జి క్రతువు వీళ్లకు కంఠతా వచ్చు. కొత్త క్రతువులో పాత పోలికలు కనిపించగానే వీరిలో ఎవరూ ఇది దొంగతనమని లేచిపోలేదు. సరిగదా, అదే ఏడాది జూన్‌లో కింబల్ ఇంగ్లండులో ఉన్న సహచరుడు పార్లీ ప్రాట్‌కు ఉత్తరం రాస్తూ, యాజకత్వానికీ మేసన్రీకీ పోలిక ఉందనీ, మేసన్రీ యాజకత్వం నుంచే పుట్టి తర్వాత దిగజారిందని జోసెఫ్ అంటున్నాడనీ మొహమాటం లేకుండా చెప్పాడు.

ఆ ఉత్తరంలోని మాటే పాత సమర్థనకు పునాది. అది చరిత్ర ముందు నిలిచే మాట కాదు. మేస్త్రీల సంఘాల రాతప్రతుల్లో అత్యంత పాతది సుమారు 1390 నాటిది. లండన్ గ్రాండ్ లాడ్జి ఏర్పడింది 1717లో. హీరాము కథతో కూడిన మూడో దీక్ష 1720లలోనే రూపుదిద్దుకుంది. 1730లో శామ్యూల్ ప్రిచర్డ్ అచ్చువేసిన రట్టు పుస్తకంలో అది కనిపిస్తుంది. సొలొమోను కాలానికీ వీటిలో అత్యంత పాతదానికీ మధ్యే రెండు వేల మూడు వందల ఏళ్ల పైచిలుకు ఖాళీ. ఆ ఖాళీని పూరించే ఒక్క కాగితం గానీ, ఒక్క శాసనం గానీ లేదు. స్మిత్‌ను తప్పుపట్టి లాభం లేదు. మేసన్లే తమ సంఘం సొలొమోను నుంచి వచ్చిందని ఆ రోజుల్లో గట్టిగా నమ్మేవారు, అతనూ నమ్మాడు. ఇవాళ మనకు తేదీలు తెలుసు కాబట్టి ఆ సమర్థనను వదులుకోక తప్పదు. ప్రాచీన ఈజిప్టు, యూదు సంప్రదాయాల్లో అభిషేకాలూ తెరలూ పవిత్ర వస్త్రాలూ ఉన్నాయి గదా అని హ్యూ నిబ్లీ లాంటి మోర్మన్ పండితులు చూపించారు. ఉన్నాయి, నిజమే. కానీ ఎక్కడో ఉన్న దూరపు పోలిక, కళ్లెదుట ఏడు వారాల కిందట జరిగిన దాన్ని చెరిపెయ్యలేదు.

ఇక విమర్శకుల మాట. కాపీయే అయితే, లాడ్జికి ప్రాణమైన హీరాము కథ ఎండోమెంట్‌లో ఎక్కడుంది? లేదు. ఇక్కడి నాటకం సృష్టి, ఆదాము హవ్వలు, వారి పతనం, తిరిగి దేవుని సన్నిధికి చేరే దారి. ఆ కథకు స్మిత్ 1830లోనే మోషే గ్రంథంలో తనదైన రూపం ఇచ్చుకున్నాడు, అప్పటికి లాడ్జి ముఖం చూసి ఎరగడు. కడగడం, నూనెతో అభిషేకించడం 1836లో ఒహాయోలోని కర్ట్‌లండ్ దేవాలయంలోనే మొదలయ్యాయి. నావూలో దేవాలయం కట్టమన్న 1841 జనవరి బయల్పాటులో ఈ విధులన్నిటి ప్రస్తావనా ఉంది. అబ్రాహాము గ్రంథంలోని సృష్టి కథనం 1842 మార్చిలోనే సంఘ పత్రికలో అచ్చవుతోంది. చేసే ప్రమాణాలూ వేరు: విధేయత, త్యాగం, సువార్త ధర్మం, దాంపత్యశీలం, ఉన్నదంతా దేవుని పనికి అర్పించడం. మేసన్ సోదరుడికి మాటిస్తే, మోర్మన్ దేవుడికి మాటిస్తాడు. అన్నిటికన్నా పెద్ద తేడా స్త్రీల విషయంలో ఉంది. లాడ్జి తలుపు వాళ్లకు మూసి ఉండేది. 1843లో స్మిత్ భార్య ఎమ్మా ఎండోమెంట్ పొందింది, ఆమె వెనక మరికొందరు స్త్రీలూ పొందారు. 1845-46 చలికాలంలో నావూ దేవాలయంలో స్త్రీపురుషులు కలిసి ఐదు వేల పైచిలుకు మంది ఈ క్రతువు చేసుకున్నారు. 1877 నుంచి చనిపోయినవారి తరఫున కూడా చేయిస్తున్నారు. ఇలాంటిది ఏ లాడ్జిలోనూ లేదు.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది, దాన్ని దాటవేయకూడదు. తీసుకున్నది పద్ధతి మాత్రమే అంటున్నారు, కానీ ఆ సంకేతాలూ రహస్యపదాలూ ఉంటేనే కాపలా దేవదూతలను దాటి దేవుని సన్నిధికి చేరగలమని, స్మిత్ తర్వాత సంఘాన్ని నడిపిన బ్రిగమ్ యంగ్ సభాముఖంగా బోధించాడు కదా? అరువు తెచ్చుకున్నదే మోక్షానికి తాళంచెవి అయినప్పుడు దాన్ని ఉత్త పద్ధతి అని ఎలా అంటాం? ఈ మాటలో బలం ఉంది. లాడ్జిలో సంకేతం సాటి మేసన్‌ను గుర్తుపట్టడానికి. దేవాలయంలో దానికి పరలోకపు బరువు ఎక్కింది. అయితే ఆ తర్వాతి చరిత్ర కూడా చూడాలి. రహస్యం బయటపెడితే పడే శిక్షను సూచించే ప్రమాణాలు లాడ్జి నుంచి వచ్చినవన్న సంగతి అన్నిటికన్నా ముందు కొట్టొచ్చినట్టు కనబడేది; 1990లో సంఘం వాటిని పూర్తిగా తీసేసింది. 2019లో స్త్రీల పాత్రకు సంబంధించిన మాటలు సహా మరికొన్ని మార్చింది. ఇన్ని తీసేసినా దేవుడితో చేసుకునే నిబంధనలు చెక్కుచెదరలేదు, జనం దేవాలయానికి వెళ్లడం మానలేదు. విశ్వాసానికి ఏది అవసరమో, ఏది ఆ కాలం నుంచి వచ్చి అతుక్కున్నదో సంఘమే తన చేతలతో చూపించింది. స్మిత్‌కు దేవుడు నిజంగా బయలుపరిచాడా అన్నది చరిత్రకారుడు తేల్చగల ప్రశ్న కాదు. అరువు తీసుకున్నాడు కాబట్టి బయల్పాటు అబద్ధం అన్న వాదన మాత్రం తర్కంగా నిలవదు.

మరి ఇవాళ అమెరికాలో ఎందరో మోర్మన్ యువకులు ఈ పోలికలు చూసి ఎందుకు దిమ్మెరపోతున్నారు? చెప్పేవాళ్లు లేకపోవడం వల్ల. నావూలో ఊరంతా తెలిసిన సంగతి మోర్మన్లు యూటాకు చేరాక మరుగున పడింది. 1844లో స్మిత్‌ను చంపిన గుంపులో మేసన్లు కూడా ఉన్నారని మోర్మన్లు నమ్మారు. యూటా మేసన్లు మోర్మన్లను తమలో చేర్చుకోబోమని తలుపు మూశారు. 1984 దాకా ఆ నిషేధం తొలగలేదు. రాకపోకలు తెగిపోయాక, లాడ్జి లోపల ఏముంటుందో తెలిసినవాడే సంఘంలో లేకుండా పోయాడు. 1974లో మోర్మన్ చరిత్ర సంఘానికి అధ్యక్షుడైన రీడ్ డరమ్, మత సంఘంలోనే బోధకుడిగా ఉన్నవాడు, నావూలో ఈ సంబంధం గురించి నిండుసభలో మాట్లాడాడు. ఒత్తిడి వచ్చి క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. నిజం పలికినవాడిని తలవంచుకునేలా చేయడం ఆ మత సంఘ చరిత్రలో బాధాకరమైన ఘట్టం. ఇప్పుడు సంఘమే తన అధికారిక చరిత్ర వ్యాసంలో ఈ పోలికలను ఒప్పుకుంటోంది, రూపంలో దగ్గరితనం ఉందనీ ఉద్దేశం వేరనీ చెబుతోంది.

ఈ విషయం మనకు మరీ దూరపుది కాదు. భారతదేశంలో మోర్మన్ సంఘపు మొదటి స్టేక్, అంటే ప్రాంతీయ విభాగం, 2012లో ఏర్పడింది హైదరాబాదులోనే. దేశంలో మొదటి దేవాలయాన్ని బెంగళూరులో కడతామని 2018లో ప్రకటించి, 2020 డిసెంబరులో పని మొదలుపెట్టారు. దేవాలయానికి వెళ్లే తెలుగు కుటుంబాలు కూడా ఈ నిబంధనలు చేసుకుంటాయి. లోపలి మాటలు పవిత్రం కాబట్టి బయట చెప్పరు, అది వారి హక్కు. 1842 నాటి ఆ ఏడు వారాలు మాత్రం రహస్యం కావు, అచ్చయిన చరిత్ర. దాన్ని గుమ్మం దాటకముందే, సొంత భాషలో, సొంత పెద్దల నోట విననివ్వాలి. తర్వాత ఎవరో ఎద్దేవా చేస్తుంటే తెలుసుకోవలసిన గతి వాళ్లకు పట్టకూడదు.