వణుకు వెనక కడుపు కథ

పార్కిన్సన్స్ అనగానే వణికే చెయ్యే గుర్తొస్తుంది. పైకి కనిపించకుండా మనిషిని సతాయించేవి ఇంకో రెండున్నాయి: సాగని మోషన్, మందగించే ఆలోచన. ఈ రెండింటికీ లంకె ఉంది. ఒక్కోసారి ఆ లంకె మన మందుల డబ్బాలోనే దొరుకుతుంది.

1817లో జేమ్స్ పార్కిన్సన్ అనే లండన్ వైద్యుడు ఈ వణుకుడు జబ్బు మీద చిన్న పుస్తకం వేశాడు. అందులో ఉన్నది ఆరుగురి కథ. వాళ్లలో ఒకాయన్ని దూరం నుంచి చూడటమే తప్ప పరీక్షించింది లేదు. అయినా ఆయన చూపు ఎంత పదునైనదంటే, ఈ రోగులకు పేగులు మందకొడిగా ఉంటాయనీ, పోనుపోనూ గట్టి మందు పడితే తప్ప కదలవనీ అప్పుడే రాశాడు. తెలివితేటలకు మాత్రం ఏ ఢోకా లేదన్నాడు. వైద్యలోకం మొదటి మాటను చాలాకాలం పట్టించుకోలేదు, రెండోదాన్ని నమ్మింది. జబ్బుకు పార్కిన్సన్ పేరు ఖాయం చేసిన ఫ్రెంచి వైద్యుడు షార్కో, బుద్ధి కూడా మసకబారుతుందని ఆ శతాబ్దంలోనే గుర్తించినా ఆ మాట వెనకబడిపోయింది.

మన దగ్గర న్యూరో డాక్టరు గదిలో జరిగేదీ ఇంచుమించు అంతే. ‘నాన్నకి చెయ్యి వణుకుతోందండీ, అడుగు సరిగ్గా పడట్లేదండీ’ అని కొడుకు చెబుతాడు. మోషన్ ఎన్ని రోజులకోసారి అవుతోందన్న ప్రశ్న చాలాసార్లు రాదు. వచ్చినా, పక్కన కోడలు కూర్చుని ఉంటే ఏ మామగారు నోరు విప్పుతారు? ‘ఆఁ, బాగానే అవుతోంది’ అనేస్తారు. మతిమరుపు సంగతి సరేసరి, అది వయసు ఖాతాలో పడిపోతుంది.

వణుకు కంటే ఎన్నేళ్ల ముందు?

హవాయిలోని హొనొలులులో 1970ల మొదట్లో జపాన్ సంతతి మగవాళ్లు 6,790 మందిని పరిశోధకులు ఓ మొహమాటం లేని ప్రశ్న అడిగారు: రోజుకు ఎన్నిసార్లు విరేచనం అవుతుంది? తర్వాత 24 ఏళ్లపాటు వాళ్ల ఆరోగ్యాన్ని గమనించారు. రోజుకు ఒక్కసారైనా కానివాళ్లకు, ఒకసారి అయ్యేవాళ్లతో పోలిస్తే పార్కిన్సన్స్ వచ్చే అవకాశం 2.7 రెట్లని 2001లో తేల్చారు. మలబద్ధకం ఉన్నవాళ్లు దీన్ని చదివి బెంబేలెత్తాల్సిన పనిలేదు. అంతమందిలో జబ్బు వచ్చింది 96 మందికే.

2003లో జర్మనీ శాస్త్రవేత్త హైకో బ్రాక్ దీనికో వివరణ ఇచ్చాడు. ఆల్ఫా సిన్యూక్లిన్ అనే ప్రొటీన్ వంకర తిరిగి ముద్దలు కట్టడం ఈ జబ్బు ముద్ర. అది ముక్కులోని వాసన నరాల దగ్గరో, పేగుల గోడల్లోని నరాల్లోనో మొదలై, కడుపుని మెదడుతో కలిపే వేగస్ నరం వెంట పైకి పాకుతుందని ఆయన ఊహ. అందరిలోనూ అలా జరగదని తర్వాత తెలిసింది. జబ్బు కొందరిలో ఒంట్లో మొదలై మెదడుకు ఎక్కుతుందనీ, మరికొందరిలో మెదడులోనే పుట్టి కిందికి దిగుతుందనీ డెన్మార్క్ పరిశోధకుడు పెర్ బోర్గామర్ వాదన. ఆయన లెక్కలో మొదటి బాపతు వాళ్లకు మలబద్ధకం ముందే వస్తుంది, నిద్రలో కలకు తగ్గట్టు అరవడం, కాళ్లు విసరడం ఉంటాయి, ఆలోచన మందగించడమూ త్వరగా మొదలవుతుంది. నాకు ఈ విభజన మరీ శుభ్రంగా ఉందనిపిస్తుంది. మనుషులు ఇంత చక్కగా రెండు గదుల్లో సర్దుకోరు. అయినా కడుపునీ మనసునీ ఒకే వరసలో నిలబెట్టిందన్నమాట వాస్తవం.

ఇక ఈ మతిమరుపు అల్జీమర్స్ లాంటిది కాదు. జ్ఞాపకం లోపల ఉంటుంది, బయటికి లాగడం కష్టమవుతుంది. పేరులో మొదటి అక్షరం అందిస్తే చాలాసార్లు మిగతాది వచ్చేస్తుంది. దెబ్బ తినేది ముఖ్యంగా పనుల్ని వరసలో పెట్టుకునే నేర్పు. ఒక పొయ్యి మీద పులుసు, ఇంకో పొయ్యి మీద అన్నం పెట్టి, మధ్యలో తాలింపు వేసేసే ఇల్లాలు వంటింట్లో నిలబడిపోతుంది. వంట మరిచిపోయి కాదు, ఏది ముందో తేలక. సిడ్నీలో రోగుల్ని 20 ఏళ్లు గమనించిన అధ్యయనంలో, ఆఖరిదాకా బతికున్నవాళ్లలో 83 శాతానికి డిమెన్షియా వచ్చింది. ఇటీవలి అధ్యయనాల్లో అంకెలు ఇంత భయపెట్టేలా లేవు.

మాత్రల డబ్బా

పార్కిన్సన్స్‌లో పేరంతా మెదడులో తగ్గిపోయే డోపమైన్ అనే రసాయనానిది. నిజానికి ఎసిటైల్‌కోలిన్ అనే ఇంకో రసాయనాన్ని వాడే నరాలూ దెబ్బతింటాయి. పేగు కండరాన్ని ముడుచుకోమనేది అదే, మెదడులో ధ్యాస నిలిపేదీ అదే. వణుకు తగ్గడానికి దశాబ్దాలుగా ఇస్తున్న ట్రైహెక్సీఫెనిడిల్, మనవాళ్లు పాసిటేన్ అనే మాత్ర, సరిగ్గా దాన్నే అడ్డుకుంటుంది. పెద్దవయసు వాళ్లలో నోరు ఎండగొడుతుంది, మోషన్ బిగిస్తుంది, మూత్రం ఆపుతుంది, ఆలోచనను తికమక పెడుతుంది. మాటిమాటికీ మూత్రం రాకుండా ఇచ్చే కొన్ని మాత్రలకు, కొన్ని జలుబు మాత్రలకు, నిద్ర కోసమో నొప్పుల కోసమో ఇచ్చే అమిట్రిప్టిలిన్‌కు ఇదే గుణం. ఒక్కో డాక్టరు ఒక్కోటి రాస్తాడు, అన్నీ కలిసి ఒకే ఒంట్లో పడతాయి.

నాకు ఇంతకంటే కోపం తెప్పించేది గ్యాస్ మాత్ర. మోషన్ కాక కడుపు ఉబ్బితే మెడికల్ షాపుకెళ్లి తెచ్చుకుని పరగడుపున వేసుకునేవాటిలో కొన్నింట్లో పాంటాప్రజోల్‌తోపాటు లెవోసల్పిరైడ్ కలిసి ఉంటుంది. అది మెదడులో డోపమైన్‌కు అడ్డుపడుతుంది. అసలు జబ్బు లేనివాళ్లకు కూడా వణుకు, బిగుతు తెచ్చిపెట్టగలదు. వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్‌దీ అదే దారి. ఒక చేత్తో డోపమైన్ పెంచే సిండోపా, ఇంకో చేత్తో దాన్ని కొట్టేసే మాత్ర!

సిండోపాలోని లెవోడోపాకు కడుపుతో వేరే పేచీ ఉంది. అది ఒంటపట్టేది చిన్న పేగు మొదటి భాగంలో. జీర్ణాశయం నెమ్మదిగా ఖాళీ అయితే మాత్ర అక్కడే ఆగిపోతుంది. పప్పు, గుడ్డు, పాలతో కలిపి వేసుకుంటే వాటి ప్రొటీన్‌తో పోటీ పడలేక వెనకబడుతుంది. అందుకే భోజనానికి అరగంట ముందు వేసుకోమంటారు. పేగుల్లోని కొన్ని బ్యాక్టీరియాలు లెవోడోపాను మెదడుకు చేరకముందే మార్చేస్తాయని 2019లో రెండు పరిశోధక బృందాలు చూపించాయి. మందు అందని ఆ గంటల్లో కాళ్లతోపాటు ఆలోచన కూడా మొరాయిస్తుంది, కారణం లేని ఆందోళన కమ్ముకుంటుంది. చూసేవాళ్లు ‘చాదస్తం’ అంటారు.

దూలగొండి గింజల్లో లెవోడోపా ఉందన్న మాట నిజమే. 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి వాటి నుంచే దాన్ని వేరుచేశారు. కానీ ఆ పొడిని చెప్పకుండా సిండోపాతో కలిపి వాడితే మోతాదు మించుతుంది, లేని మనుషులు కనిపించడం మొదలవుతుంది.

నిన్నటిదాకా బాగున్న పెద్దాయన రెండ్రోజుల్లో ఏదేదో మాట్లాడుతుంటే దాన్ని డిమెన్షియా అనుకోకూడదు. అది అంత వేగంగా రాదు. పేరుకుపోయిన మలం, ఆగిన మూత్రం, ఇన్ఫెక్షన్, ఒంట్లో నీరు తగ్గడం, కొత్తగా మొదలెట్టిన మాత్ర: ముందు వెతకాల్సింది వీటిని. సరిచేస్తే చాలామంది తేరుకుంటారు. అలాగని కడుపు శుభ్రమైతే జబ్బే నయమవుతుందని ఎవరూ నిరూపించలేదు. ఆరోగ్యవంతుల మలంలోని బ్యాక్టీరియాను రోగి పేగుల్లోకి ఎక్కించే ప్రయోగాల్లో 2024లో బెల్జియం బృందానికి కదలికల్లో కొంచెం మేలు కనిపించింది, ఫిన్లాండ్ బృందానికి కనిపించలేదు.

ఇంట్లో చేయగలిగింది మామూలు వ్యవహారమే. నీళ్లు, ఆకుకూరలు, నడక. టిఫిన్ అయ్యాక పేగులు సహజంగానే కదులుతాయి కాబట్టి రోజూ అదే వేళకు వెళ్లడం. కమోడ్ మీద కూర్చుంటే పాదాల కింద చిన్న పీట. ఇసబ్‌గోల్ వేసుకుంటే నీళ్లు దండిగా తాగాలి, లేకపోతే అదే అడ్డం పడుతుంది; మింగడం కష్టమైనవాళ్లు దాని జోలికి పోకపోవడం మేలు. నీటిని పేగులో నిలిపి మలాన్ని మెత్తబరిచే పాలీఇథిలీన్ గ్లైకాల్ పొడిని డాక్టర్లు రాస్తారు.

డాక్టరు దగ్గరికెళ్లేటప్పుడు గ్యాస్ మాత్రలు, ఆయుర్వేదం పొడులతో సహా ఇంట్లోని మందులన్నీ సంచీలో వేసుకెళ్లండి. ఏది తీసేయాలో ఆయనే చూస్తారు. సొంతంగా మాత్రం ఏదీ మానొద్దు. లెవోడోపాను ఒక్కసారిగా ఆపితే జ్వరం, కండరాల బిగుతు, స్పృహ తప్పడం లాంటి ప్రాణాపాయం రావచ్చు. పాసిటేన్‌ను కూడా నెమ్మదిగానే తగ్గిస్తారు.