బడికి గ్రామసభ కావాలి, క్యాంపుకు అక్కర్లేదా?

మేడారం దారిలో ఉండే తాడ్వాయి పోలీస్ స్టేషన్‌లో 2022 ఆగస్టులో ఉపా కేసు ఒకటి నమోదైంది. నిందితులు 152 మంది. అందులో ప్రొఫెసర్ హరగోపాల్ ఉన్నారని 2023 జూన్ దాకా లోకానికి తెలియలేదు. 2020లోనే చనిపోయిన బొంబాయి హైకోర్టు మాజీ న్యాయమూర్తి హెచ్. సురేశ్ కూడా నిందితుడే! నిరసనలు వచ్చాక కేసు ఎత్తేయమని అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ఆదేశించారు. హరగోపాల్ సహా ఆరుగురి పేర్లు తీసేస్తామని పోలీసులు చెప్పారు. పేరున్నవాళ్ల కోసం దేశం మాట్లాడింది. మిగతావాళ్ల కోసం ఎవరు మాట్లాడాలి?

ఉపా వేరు, అటవీ హక్కులు వేరు కదా అని విద్యార్థులు మమ్మల్ని అడుగుతుంటారు. ఉమ్మడి వరంగల్ ఏజెన్సీలో అవి రెండూ ఒకే ఊరి మీద పనిచేస్తాయి.

2006 అటవీ హక్కుల చట్టం 3(2) సెక్షన్ చూడండి. ఊళ్లో బడి, అంగన్‌వాడీ, రేషన్ షాపు కట్టాలంటే ఒక్కోదానికి అడవి భూమి హెక్టారు లోపే వాడాలి. హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు. గ్రామసభ సిఫారసు తప్పనిసరి.

ఇప్పుడు 2023 అటవీ సంరక్షణ సవరణ చట్టం చూడండి. పార్లమెంటులో బిల్లు పెట్టిన నాలుగు నెలలకే ఆమోదం పొంది, డిసెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. దీని ప్రకారం తీవ్రవాద ప్రభావిత ప్రాంతాల్లో పారామిలటరీ క్యాంపుకు ఐదు హెక్టార్ల దాకా, అంటే పన్నెండు ఎకరాల పైచిలుకు, కేంద్రం అటవీ అనుమతి అక్కర్లేదు. భద్రతా నిర్మాణాలకైతే పది హెక్టార్లు. 2021 నాటి కేంద్ర జాబితాలో ములుగు, భూపాలపల్లి రెండూ ప్రభావిత జిల్లాలే.

అటవీ హక్కుల చట్టాన్ని ముట్టుకోలేదని ప్రభుత్వం అంటుంది. అక్షరం మారని మాట నిజమే. కానీ పర్యావరణ శాఖ 2009 ఆగస్టు ఉత్తర్వు ప్రకారం గ్రామసభ తీర్మానం జతచేయాల్సింది అటవీ అనుమతి ఫైలుకే. అనుమతే అక్కర్లేదంటే ఫైలే ఉండదు. ఫైలు లేనప్పుడు తీర్మానం అడిగేదెవరు? 2022 నిబంధనలు అంతకుముందే గ్రామసభను వెనక్కి నెట్టాయి. జాతీయ ఎస్టీ కమిషనే వాటికి అభ్యంతరం చెప్పింది.

దళితుల పరిస్థితి ఇంకా ఇరుకు. అడవి అంచున సాగు చేసే గిరిజనేతరులు 2005 డిసెంబరు 13 నాటికి 75 ఏళ్లుగా, అంటే 1930 నుంచి, అక్కడున్నట్టు రుజువు చేయాలి. నిజాం కాలంలో మాదిగవాడకు కాగితం రాసిచ్చిందెవరు? ఊరి పెద్దల వాంగ్మూలం కూడా సాక్ష్యమేనని 13వ నిబంధన చెబుతోంది. ఈ మాట వాడల్లో చాలామందికి తెలియదు. 2023 జూన్‌లో నాలుగు లక్షల ఎకరాలకు పోడు పట్టాలు ఇచ్చినప్పుడు గిరిజనేతరులు పక్కనే ఉండిపోయారు.

గ్రామసభలో లేచి "తీర్మానం ఏది?" అని అడగాల్సింది ఈ మనుషులే. అడిగినవాళ్ల మీద ఉపా పెడితే 180 రోజుల దాకా చార్జిషీటు లేకుండా జైల్లో ఉంచవచ్చు. ఆరోపణ పైచూపుకు నిజమనిపిస్తే చాలు, 43డి(5) కింద బెయిల్ రాదు. అందుకే ఒంటరిగా అడగొద్దంటున్నాం. కోయ, మాదిగ, మాల వాడలు కలిసి సభ పెట్టండి. తీర్మానం రాసి, అందరూ సంతకాలు, వేలిముద్రలు వేసి, ఒక నకలు ఐటీడీఏలో ఇచ్చి రసీదు తీసుకోండి.