కణానికి నడక నేర్పిన నత్త

చర్మంలోనూ పేగు లోపలి పొరలోనూ ఉండే ఎపిథీలియల్ కణాలు మామూలుగా విడివడి తిరగవు. ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని గోడలా నిలబడతాయి. ఆ పట్టు ఇ-క్యాధెరిన్ అనే ప్రొటీన్‌ది. ఒక కణం దాన్ని చెయ్యిలా చాస్తే, పక్క కణం అదే ప్రొటీన్‌తో అందుకుంటుంది. కాల్షియం లేకపోతే ఆ చేతులు విడిపోతాయి.

ఆ పట్టు విడిపించే జన్యువు ఒకటుంది. పేరు స్నెయిల్, అంటే నత్త.

అది మొదట బయటపడింది పండ్ల ఈగలో. జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో క్రిస్టియానె న్యూస్లీన్-ఫోల్హార్డ్, ఎరిక్ వీషౌస్ ఈగల జన్యువుల్లో మార్పులు తెచ్చి, ఏ పిండం ఎక్కడ వికటించిందో ఓపిగ్గా సూక్ష్మదర్శినిలో చూస్తూ పోయారు. ఆ ఓపికకే 1995లో నోబెల్ వచ్చింది. స్నెయిల్ లోపించిన పిండంలో, కండరాలు కావలసిన కణాలు లోపలికి వెళ్లలేక పైనే ఉండిపోయాయి.

1994లో జీవశాస్త్రవేత్త ఆంజెలా నియెటో బృందం కోడి పిండంలో దీని తోబుట్టువు స్లగ్‌ను అడ్డుకుంది. అక్కడా వలస వెళ్లాల్సిన కణాలు కదల్లేదు. మన ముఖంలోని ఎముకలుగా మారే కణాలు, చర్మానికి రంగునిచ్చే కణాలు ఇలా నడిచొచ్చినవే.

మరి స్నెయిల్ చేసే పనేమిటి? 2000లో స్పెయిన్‌లోని రెండు బృందాలు ఒకేసారి చూపించాయి. స్నెయిల్ తయారుచేసే ప్రొటీన్‌కు జింకు బిగించి ఉంచిన వేళ్లలాంటి మడతలుంటాయి. ఇ-క్యాధెరిన్ జన్యువు ముందు సీఏసీసీటీజీ అనే ఆరక్షరాల డీఎన్‌ఏ మాట కనిపిస్తే చాలు, ఆ వేళ్లు దాన్ని పట్టేస్తాయి. తర్వాత ఆ ప్రొటీన్, అక్కడి డీఎన్‌ఏను ముడుచుకుపోయేలా చేసే ప్రొటీన్లను పిలుచుకుంటుంది. జన్యువు మూగబోతుంది, కొత్త చేతులు పుట్టవు. పలకల్లాంటి కణాలు పొడుగ్గా సాగి, విడివిడిగా పాకడం మొదలుపెడతాయి. ట్విస్ట్, జెబ్ అనే జన్యువులదీ ఇదే పని.

ఇతర చోట్లకు పాకడానికి క్యాన్సర్ కణాలు ఈ పాత మీటనే మళ్లీ నొక్కుతాయి. అంతమాత్రాన స్నెయిల్‌ను దుష్టజన్యువనడం అన్యాయం. అది లేకపోతే పిండం సరిగ్గా ఎదగదు. పైగా కథ అంత సూటిగా లేదు. 2015లో ఎలుకల క్లోమ క్యాన్సర్‌లో స్నెయిల్‌నో ట్విస్ట్‌నో తీసేసి చూస్తే వ్యాధి పాకడం ఆగలేదు. కానీ ఆ కణితులు జెమ్‌సిటాబిన్ మందుకు ముందుకన్నా బాగా లొంగాయి.