ఇంట్లో స్పానిష్, బడిలో ఇంగ్లీషు

ఇంట్లో ఒక భాష, బడిలో మరో భాష. సరిహద్దు జిల్లాల్లో ఉండే మనకు ఇది కొత్త సంగతి కాదు. అమెరికాలోనూ ఈ చిక్కు ఉంది. మెక్సికో, ప్యూర్టోరికో, మధ్య అమెరికా వంటి చోట్ల మూలాలున్నవారిని అక్కడ లాటినోలు అంటారు. 2012లో ప్రభుత్వ బడుల్లో నూటికి 24 మంది ఈ పిల్లలు. 2022 నాటికి 29 మంది అయ్యారు. వీరందరికీ ఇంగ్లీషు రాదనుకోకండి. చాలామంది అక్కడే పుట్టినవారు.

అక్కడ బడుల పాలన 'స్కూల్ డిస్ట్రిక్టు' చేతిలో ఉంటుంది. ఇది మన రెవిన్యూ జిల్లా వంటిది కాదు. కొన్నిచోట్ల ఒక్క ఊరికే ఒక డిస్ట్రిక్టు. చాలాచోట్ల ప్రజలు ఓట్లేసి బోర్డును ఎన్నుకుంటారు. బోర్డు సూపరింటెండెంటును నియమిస్తుంది. రాజధానిలో చేసిన చట్టం పిల్లవాడి బల్ల దాకా రావాలంటే వీళ్ల గడప దాటాలి.

ఆ గడప దగ్గరే పిల్లల్ని ఆపిన రోజులూ ఉన్నాయి. కాలిఫోర్నియాలోని ఆరెంజ్ కౌంటీలో నాలుగు డిస్ట్రిక్టులు మెక్సికన్ పిల్లల్ని వేరే బడులకు పంపేవి. తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. అది తప్పని 1947లో అప్పీలు కోర్టు తేల్చింది. టెక్సాస్‌లోని టైలర్ డిస్ట్రిక్టు 1977లో మరో పని చేసింది. దేశంలో ఉండేందుకు తగిన కాగితాలు లేని పిల్లలు ఏడాదికి 1000 డాలర్లు కట్టాలంది. కూలి చేసుకునేవాళ్లు ఎక్కణ్ణుంచి తెస్తారు? 1982లో సుప్రీంకోర్టు ఆ పిల్లల పక్షాన తీర్పు చెప్పింది, అదీ ఒక్క ఓటు తేడాతో.

చేర్చుకుంటే సరిపోదు, అర్థమయ్యేలా చెప్పాలి. శాన్‌ఫ్రాన్సిస్కోలోని చైనా పిల్లల కేసులో 1974లో అదే కోర్టు ఈ మాట తేల్చింది. అందరికీ ఒకే పుస్తకం, ఒకే పంతులు ఇచ్చినంత మాత్రాన సమానత్వం కాదంది.

టెక్సాస్ చట్టంలో ఒక లెక్క ఉంది. డిస్ట్రిక్టు మొత్తంమీద ఒకే తరగతిలో, ఒకే ఇంటిభాష ఉండి ఇంగ్లీషు ఇంకా పట్టుబడని పిల్లలు 20 మంది ఉంటే, రెండు భాషల్లో బోధన పెట్టాలి. మన దేశంలో 1949లో విద్యామంత్రుల సమావేశం ఒప్పుకున్న లెక్క బడిలో 40 మంది, లేదా తరగతిలో 10 మంది. అక్కడ డిస్ట్రిక్టు మొత్తాన్నీ లెక్కిస్తారు కనుక చెదురుమదురుగా ఉన్న పిల్లలూ లెక్కకొస్తారు. ఈ పద్ధతి నాకు మెరుగనిపిస్తుంది.

లెక్క కుదిరినా స్పానిష్‌లో పాఠం చెప్పగల టీచర్లు దొరకాలి. జీతం పెంచో, బడిలో సహాయకులుగా పనిచేసే స్థానికులకు శిక్షణ ఇప్పించో తెచ్చుకోవాల్సింది డిస్ట్రిక్టే. తల్లిదండ్రులతో మాట్లాడేందుకు దుబాసీని పెట్టాల్సిందీ అదే. తన మార్కుల సంగతి తల్లికి పిల్లవాడి చేతే చెప్పిస్తే ఏం చెబుతాడో మనకు తెలియనిదా!

ఇదంతా మొదలయ్యేది ఒక చిన్న కాగితంతో. బడిలో చేర్చేటప్పుడు 'ఇంట్లో ఏ భాష మాట్లాడతారు' అని అందులో అడుగుతారు. బిడ్డను వెనకబడినవాడంటారేమోనని కొందరు తల్లులు 'ఇంగ్లీషు' అని రాసేస్తారు. అప్పుడు ఆ బిడ్డకు భాషా పరీక్ష పెట్టరు. 20 మందికి ఒకరు తగ్గితే ఆ తరగతి పెట్టి తీరాలన్న నిబంధన ఆ డిస్ట్రిక్టుకు వర్తించదు.