పప్పు ఉడకని నీరు

మన పల్లెలలో ఇల్లాండ్రు ఏ రసాయనశాలకు పంపకుండగనే నీటిని రెండు తెగలుగా విభజించిరి. పప్పు ఉడికి, సబ్బు నురగ కట్టునది మంచినీళ్ళ నుయ్యి. తక్కినది వాడుకనీళ్ళ నుయ్యి. నీళ్ళకు నడువవలసివచ్చినను, నుయ్యిని ఎంచుకొను స్వేచ్ఛ ఉండెడిది. తూర్పు కనుమల చేరువనున్న రోలుగుంట (2022 వరకు విశాఖపట్నం జిల్లా, అటుపిమ్మట అనకాపల్లి జిల్లా) వంటి ఊరికి కొళాయి వచ్చినప్పుడు నడక తప్పును, ఎంపికయు తప్పును. బోరునుండి తోడి ఎత్తు ట్యాంకునకు ఎక్కించిన నీరు కఠినమైనదైనచో, ఆ కాఠిన్యము ఒక్కసారిగా ఊరంతటి వంటిండ్లలోనికి ప్రవేశించును.

కఠినజలమనగా నేమి? ఖటికము (కాల్షియం), మెగ్నీషియం లవణములు ఎక్కువగా కరిగియున్న నీరు. వాన చినుకు పుట్టుకతో మృదువైనదే. అది నేలలోనికి ఇంకునపుడు, వేళ్ళును క్రుళ్ళిన ఆకులును విడిచిన బొగ్గుపులుసు వాయువును తనలో కలుపుకొని స్వల్పముగా ఆమ్లగుణము పొందును. ఆ నీటికి సున్నపురాయి సైతము లొంగి, కాల్షియం బైకార్బొనేటుగా కరిగిపోవును. దీనిని కన్నులార చూడగోరువారు బొర్రా గుహలకు పోవలెను. గోస్తనీ నది సాగిపోవు ఆ గుహలలో పైకప్పు నుండి జారు ప్రతి చుక్కయు తనలోని వాయువును కొంత విడిచి, కరిగి వచ్చిన సున్నమును కొంత అచ్చటనే వదలును. అట్లు వేల ఏండ్లకు స్తంభములు నిలిచినవి. మన స్నానాల కాగు లోపల కట్టు తెల్లని పెచ్చు దీనికి స్వయానా చెల్లెలు. అచ్చట గాలి మెల్లగా తప్పించుకొనును; ఇచ్చట పొయ్యి దానిని తరిమివేయును. అందుచేత పని నెలలలో ముగియును.

కనుమల పాదమున ప్రధానముగా నున్నవి సున్నపురాళ్ళు కావు, ఖొండలైటు, చార్నొకైటు శిలలు. అయినను వీనిలోని ఖనిజములు కూడ నెమ్మదిగా శిథిలమై ఖటికమును, మెగ్నీషియంను నీటికి ఇచ్చుచుండును. నీరు రాతిపగుళ్ళలో ఎంతకాలము నిలిచిన అంత సంపాదించుకొనును. కనుకనే చెరువునీటికన్న లోతైన బోరునీరు సాధారణముగా కఠినముగా నుండును.

ఇక ఖర్చు చూడుడు. సబ్బు కొవ్వుఆమ్లముల సోడియం లవణము. కఠినజలములో ఖటికము దానిని పట్టుకొని, కరగని మడ్డిగా మార్చును. బకెట్టు అంచున జిడ్డుగా అంటుకొని, తెల్లబట్టను మాపునది ఆ మడ్డియే. ఖటికమంతయు తీరినగాని నురగ రాదు. లీటరుకు 300 మిల్లీగ్రాముల కాఠిన్యముగల నీరు 15 లీటర్లు తీసుకొందము. నురగ మొదలగుటకు ముందే దానిలో సుమారు 27 గ్రాముల సబ్బు వ్యర్థమగునని లెక్క తేలును! కుంకుడుకాయ రసమునకు ఈ బాధ లేదు. దాని నురగ సపోనిన్‌ల వలన వచ్చునది. అవి ఖటికముతో మడ్డికట్టవు. బట్టలను చౌడుమన్నుతో ఉడకబెట్టు చాకలివారి పద్ధతియు శాస్త్రీయమే. చౌడులోని సోడా ఖటికమును ముందే అడుగునకు దింపివేయును. నేటి బట్టల పొడులలో చాకలి సోడా కలుపుటకు ఇదియు ఒక కారణము.

పప్పు సంగతి వేరు. కందిపప్పు కణములను అంటించియుంచు పెక్టిన్ అను పదార్థము ఉడుకునప్పుడు వదులు కావలెను. ఖటికము దానితో కలిసి ఆ అతుకును గట్టిపరచును. గంటసేపు ఉడికినను బద్ద బద్దగనే యుండును, వంటచెరకో గ్యాసో ఆ మేరకు హరించును. చిటికెడు వంటసోడా వేసిన మెత్తబడునుగాని, పప్పులోని బి1 విటమిన్ నశించును. దానికన్న నీటిని ముందు బాగుగ కాచి, చల్లార్చి, తేటను వంచుకొని వాడుట మేలు.

ఐతే కాచుట అన్ని నీళ్ళకు పనిచేయదు. బైకార్బొనేటుల వలన కలుగు తాత్కాలిక కాఠిన్యము మాత్రమే మరిగించిన పోవును. క్లోరైడులు, సల్ఫేటుల వలన కలుగునది శాశ్వత కాఠిన్యము. దానికి చాకలి సోడాయో, అయాను వినిమయ రెసినులో కావలెను. ఆ రెసిను అలసినపుడు ఉప్పునీటితో కడిగిన మరల పనికివచ్చును. తాత్కాలిక కాఠిన్యమును ఊరంతటికి ఒకేచోట తొలగించు ఉపాయమును 1841లో అబర్డీన్ రసాయనాచార్యుడు థామస్ క్లార్క్ కనుగొనెను: లెక్కగట్టి సున్నము కలిపిన సున్నమే దిగిపోవును. వినుటకు వింతగా నుండును. కలిపిన సున్నము బైకార్బొనేటును కరగని కార్బొనేటుగా మార్చునని గ్రహించిన వింత తీరును.

పెచ్చు కట్టిన పాత్రకు నిమ్మ ఉప్పు కలిపిన వేడినీరు చాలును. బుసబుస పొంగు వచ్చి కరుగును. ఉపేక్షించరాదు, పెచ్చు వేడిని ప్రసరింపజేయుటలో రాగికన్న వందరెట్లకు మించి మందము.

త్రాగుటకు మాత్రము భయపడ పనిలేదు. ఖటికము, మెగ్నీషియం శరీరమునకు కావలసినవే. భారత ప్రమాణము (ఐ.ఎస్. 10500, 2012) కాఠిన్యమును లీటరుకు 200 మిల్లీగ్రాములు మేలనియు, వేరు నీరు దొరకనిచోట 600 వరకు ఓర్చుకొనవచ్చుననియు చెప్పుచున్నది. ఇంకొక విషయము గమనింపదగినది. 1937లో నాటి నెల్లూరు జిల్లాలో ఎముకలను వంచు ఫ్లోరైడు వ్యాధిని వైద్యులు వర్ణించిరి. ఫ్లోరైడు తరచుగా ఖటికము తక్కువైన నీటిలోనే హెచ్చుగా నిలుచును, ఏలనన ఖటికముతో కలిసిన అది సులువుగా కరగదు. అట్టి నీటిలో సబ్బు చక్కగా నురగ కట్టును, పప్పు మెత్తగా ఉడుకును! కాబట్టి క్రొత్త బోరు తవ్వినపుడు ఇంటి పరీక్షతో తృప్తిపడక, నీటిని ప్రయోగశాలకు పంపి కాఠిన్యముతోబాటు ఫ్లోరైడును కూడ కొలిపించవలెను. దాని హద్దు లీటరుకు 1 మిల్లీగ్రాము, గత్యంతరము లేనిచోట 1.5.