గోడ మీది పద్దు

ఏడాది ఆఖరి ఆదివారం సంచికకు సంపాదకుల పురమాయింపు ఒక్క వాక్యమే: అమ్మమ్మలూ తాతయ్యలూ 2025ని ఎలా తలచుకుంటున్నారో రాయండి, గురువారానికల్లా కావాలి. ఇలాంటి కథనాలు ఎలా సాగుతాయో పాఠకులకు తెలియనిది కాదు. నలుగురు పెద్దవాళ్లను కూర్చోబెట్టి అడిగితే నలుగురూ "అంతా దేవుడి దయ, పిల్లలు బావున్నారు" అనే అంటారు. ఫొటోగ్రాఫరు మనవణ్ని ఒళ్లో కూర్చోబెట్టుకోమంటాడు. ముఖచిత్రం తయారు. ఆ జవాబులో అబద్ధం లేదు, కానీ ఏడాది కూడా లేదు. అడిగితే చెప్పేది మర్యాద కోసం. అడగకుండా రాసుకున్నది వేరే ఉంది, వంటింటి తలుపు పక్కన మేకుకు వేలాడుతూ. పెద్దవాళ్ల సంవత్సరం ఆ గోడ క్యాలెండర్‌లోనే ఉందనీ, అంతకన్నా నమ్మదగిన కుటుంబ చరిత్ర తెలుగిళ్లలో మరొకటి లేదనీ ఈ కథనం వాదన.

ఆ కాగితాన్ని కళ్లజోడు పెట్టుకుని చూడాలి. గడిలో అచ్చువేసినవాళ్లు పెట్టింది తారీఖు, తిథి, నక్షత్రం, వర్జ్యం, రాహుకాలం. మిగిలిన వేలెడు ఖాళీ పెద్దావిడది. పాలవాడు రాని రోజున "నా" అని ఒక్క అక్షరం, అంటే నాగా. చుట్టాలుంటే పాల లెక్క పక్కన కూడిక గుర్తు. బండ మార్చిన రోజున "గ్యాస్". ఈ పొడి అక్షరాల్లో ఏముందంటారా? బండ సంగతే తీసుకోండి. 14.2 కిలోల బండ ఇద్దరే ఉన్న ఇంట్లో రెండు నెలలు లాగుతుందనుకుందాం. ఏప్రిల్ 24న బళ్లకు వేసవి సెలవులిచ్చారు, జూన్ 12న మళ్లీ తెరిచారు. ఆ మధ్యలో ఇరవై రోజుల తేడాతో రెండు "గ్యాస్"లు పడితే, మనవలు వచ్చారనీ గారెలూ జంతికలూ వేగాయనీ వేరే చెప్పక్కర్లేదు. పాల పద్దు అరలీటరు నుంచి లీటరున్నరకు ఎక్కుతుంది. జూన్ రెండో వారంలో ఒకరోజు చటుక్కున మళ్లీ అరలీటరుకు దిగుతుంది. దిగిన రోజు గడిలో ఇంకేమీ ఉండదు. పిల్లలు రైలెక్కి వెళ్లిపోయిన సాయంత్రం గురించి ఏ డైరీ అయినా ఇంతకన్నా ఎక్కువ చెబుతుందా అన్నది నా అనుమానం.

ప్రభుత్వం కూడా ఆ గడుల్లోకే దిగుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పింఛను 4,000 రూపాయలు ఒకటో తారీఖున ఇంటికొస్తుంది. ఒకటి ఆదివారమైతే ముందురోజే ఇచ్చేస్తారు. అందుకే జూన్ 1 చుట్టూ ఉండాల్సిన సున్నా మే 31 చుట్టూ ఉంటుంది. ఆగస్టు 15 నుంచి అక్కడ ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితమైంది. ఆ తర్వాతి నెలల్లో కూతురి ఊరి పేరు ఎన్ని గడుల్లో కనబడుతుందో, అంతకుముందు ఎన్నింట్లో ఉందో లెక్కపెట్టి చూడండి. ఆ పథకం మంచిచెడ్డల మీద జరిగిన చర్చల్లో దొరకని సమాధానం దొరుకుతుంది. తెలంగాణ ఇంట్లో అక్టోబరు 2 మరీ తమాషా. దసరా, గాంధీ జయంతి ఒకే గడిలో పడ్డాయి. మాంసం కొట్లకు సెలవైన దసరా! "మటన్" అన్న మాట ఒకటో తారీఖు గడిలోకి జరిగిందంటే ఆ ఇంటి పెద్దావిడ ముందుచూపు అది. అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను తీరం దాటింది. గోదావరి జిల్లాల గోడల మీద ఆ రోజుకీ మర్నాటికీ "కరెంటు లేదు" అని ఉంటే అది వాతావరణ శాఖ లెక్కకు రాని నమోదు. ఇక నవంబరు పింఛనుదార్ల నెల. తాతయ్య "లైఫ్ సర్టిఫికెట్" అని రాసుకుంటాడు, ఇచ్చి వచ్చాక అడ్డంగా ఓ గీత కొడతాడు. బతికే ఉన్నానని ఏటా రుజువు చూపించుకోవడం ఇస్త్రీ బట్టల లెక్క పక్కన మరో పని, అంతే.

చరిత్ర గబగబా చెప్పుకుందాం. రోజువారీ సంగతులు తెలుగులో రాసిపెట్టినవాళ్లంటే ముందు గుర్తొచ్చేది 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామి. ఆ కాశీయాత్ర చరిత్ర 1838లో అచ్చయింది. కానీ అది ప్రయాణం, ఇల్లు కాదు. గురజాడ డైరీలు చాలామటుకు ఇంగ్లీషులో ఉన్నాయి. స్వతంత్రం వచ్చాక 1952లో మేఘనాథ్ సాహా అధ్యక్షతన పంచాంగాల సంస్కరణకు సంఘం వేశారు. ఆ సిఫార్సుల మీదే 1957 మార్చి 22 నుంచి శక సంవత్సర జాతీయ క్యాలెండర్ అమల్లోకి వచ్చింది. ఇళ్లలో దాన్ని చూసి పెళ్లి పెట్టుకున్నవాళ్లు ఉన్నారా? ఇంగ్లీషు తారీఖు, తెలుగు తిథి రెండూ ఒకే గడిలో ఇమిడిన గోడ క్యాలెండరే నెగ్గింది, అదీ తరచూ కిరాణా కొట్టువాడో నగల దుకాణమో ఊరికే ఇచ్చింది.

చిల్లర లెక్కలకు ఇంత పెద్దపీటా అని అడగొచ్చు. చిల్లర లెక్క కనుకే నమ్మాలి. నెలాఖరున పాలవాడితో తగువు రాకుండా రాసుకున్న పద్దు అది. తగువుకు నిలబడేది సాక్ష్యానికీ నిలబడుతుంది. ఎవరో మెచ్చుకుంటారని ఎవరూ నాగాలు రాయరు. ఇందులో మనసు ఎక్కడుంది అన్న ప్రశ్నకు మాత్రం కొంత తలొగ్గాల్సిందే. కోడలితో మాటపట్టింపు ఏ గడిలోనూ ఉండదు, కొడుకు విసుక్కున్న పూట అసలే ఉండదు. అయినా గుర్తులు లేకపోలేదు. చేసిన పనికి గీత కొట్టే అలవాటున్న చోట, "పెద్దోడికి ఫోను" అన్న మాట వరసగా మూడు ఆదివారాలు గీత లేకుండా ఉండిపోతే చదివేవాళ్లకు అర్థం కాదా?

ఇంతకన్నా బలమైన అభ్యంతరం ఫోనుది. వేల ఫొటోలున్నాయి, తారీఖులతో సహా ఉన్నాయి, నిరుడు ఇదే రోజు ఏం చేశారో అదే గుర్తుచేస్తుంది, ఇంకా ఈ కాగితం ఎందుకు? నిజమే, ముఖాలు కావాలంటే ఫోనే చూడాలి. కానీ ఫొటోలో పడేది వచ్చినవాళ్లే. రానివాళ్లు, తెమలని పనులు, ఖాళీగా గడిచిన వారాలు దానికి కనబడవు. సెప్టెంబరు 21 పెత్రమాస, ఎంగిలిపూల బతుకమ్మ. ఆ సాయంత్రం తీసిన ఫొటోల్లో పూలూ చీరలూ కళకళలాడతాయి. పొద్దున పోయిన పెద్దల్లో ఎవరి పేరున బియ్యం ఇచ్చారో ఉండేది క్యాలెండర్ గడిలోనే. పైగా ఫోను ఒకరిది, తాళం వేసి ఉంటుంది. క్యాలెండర్‌కు తాళం లేదు. అందులో నానమ్మ పెన్సిలు రాత, తాత వణికే రాత, పదో తరగతి మనవరాలి గుండ్రటి రాత, ట్యూషన్ ఫీజు కట్టినట్టు కోడలి టిక్కు అన్నీ ఒకే నెల మీద పడతాయి.

చదువు రానివాళ్ల మాటేమిటి అన్నదానికి తేలిక జవాబు లేదు. 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద అరవై దాటిన ఆడవాళ్లలో అక్షరాస్యులు మూడో వంతు కన్నా తక్కువ. వాళ్ల పద్దు గోడ మీద బొగ్గు గీతలు; సంక్రాంతికి సున్నం వేస్తే ఆ ఏడాది పోయినట్టే. ఈ వాదన ఆ ఇళ్ల దాకా పూర్తిగా వెళ్లదు. ఇది పంచాంగం నమ్మేవాళ్ల వ్యవహారమని మాత్రం కొట్టిపారేయలేం. బైబిలు వాక్యమున్న చర్చి క్యాలెండర్ మీదా, హిజ్రీ తారీఖులున్న ఉర్దూ క్యాలెండర్ మీదా బండ మార్చిన రోజు పడుతుంది. రాహుకాలాన్ని నమ్మాలని ఇక్కడెవరూ చెప్పడం లేదు. ఆ ముక్కను వదిలేసి పక్కనున్న పెన్సిలు గీతను చూడమంటున్నాం.

పెట్టెలో: పుట్టినరోజుకో లెక్క, ఆబ్దికానికో లెక్క

మనవడి కేకు ఇంగ్లీషు తారీఖున కోస్తారు, తాతగారి ఆబ్దికం తిథిని బట్టి పెడతారు. సూర్యుడికీ చంద్రుడికీ మధ్య దూరం 12 డిగ్రీలు పెరిగితే ఒక తిథి. అది సుమారు 20 గంటల్లో అయిపోవచ్చు, 26 గంటలూ పట్టొచ్చు. కొన్నిసార్లు ఒక తిథి రెండు తారీఖుల్లో సగం సగం పడి, ఆబ్దికం ఏ రోజన్న ప్రశ్న వస్తుంది. మధ్యాహ్నం దాటాక ఏ తిథి ఉందో చూసి తేలుస్తారు. పన్నెండు చాంద్రమాసాలు కలిపితే దాదాపు 354 రోజులే, అంటే ఏటా పదకొండు రోజులు తరుగు. ఆ తరుగు పూడ్చడానికి మూడేళ్లకోసారి, ఒక్కోసారి ఇంకాస్త ముందే, అధిక మాసం వస్తుంది. సంక్రాంతి ఒక్కటీ సూర్యుణ్ని బట్టి కనుక జనవరి మధ్యను వదలదు.

కొత్త క్యాలెండర్‌లో మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం. అందుకే ఈ ఏడాది ఆగస్టు 27న వచ్చిన వినాయక చవితి వచ్చే ఏడాది సెప్టెంబరు 14కు జరిగింది. జ్యేష్ఠం తర్వాత వచ్చే ఆబ్దికాలూ అలాగే జరుగుతాయి. పాతదాన్ని ముందు పెట్టుకుని ఒక్కో తిథినీ, ఒక్కో పుట్టినరోజునూ కొత్తదాంట్లోకి ఎక్కించడానికి పెద్దావిడకు రెండు మధ్యాహ్నాలు పడుతుంది. ఆ పని అయ్యేదాకా పాతదాన్ని దించకండి. అయ్యాక పిల్లల పుస్తకాలకు అట్టలు వేయకండి.